పట్టా చేతికి రాకపోతే పని పోయినట్టేనా?

ప్రశ్న: మేడమ్, నాకు 30 ఏళ్ళు. మాది కర్నూలు దగ్గర పల్లె. ఫిజిక్స్‌లో పీహెచ్‌డీకి చేరి ఆరేళ్ళయింది. థీసిస్ రాయడం అయిపోయింది, ప్రీ-సబ్మిషన్ సెమినార్ కూడా ఇచ్చాను, మూడు పేపర్లు అచ్చయ్యాయి. తీరా సబ్మిట్ చేసే టైముకి, నా ఎమ్మెస్సీ పట్టా మీద ‘అప్లైడ్ ఎలక్ట్రానిక్స్’ అని ఉంది కాబట్టి ఫిజిక్స్ పీహెచ్‌డీకి అది చెల్లుతుందో లేదో తేలాలని ఆఫీసులో ఫైలు ఆపేశారు. ఎనిమిది నెలలైంది. చేర్చుకునేటప్పుడు ఆ సర్టిఫికెట్లన్నీ చూసింది వాళ్ళే. ఫెలోషిప్ ఆగిపోయింది. ఈలోగా సోలార్ ప్లాంట్లలో వాతావరణ పరికరాలు బిగించి, వాటికి కాలిబ్రేషన్ (సరిగ్గా కొలుస్తున్నాయో లేదో సరిచూడటం) చేసే ఒక చిన్న కంపెనీ ఉద్యోగం ఇస్తానంటోంది. మా గైడ్ గారేమో “ఇంత రీసెర్చ్ చేసి మీటర్లు తుడుచుకుంటూ కూర్చుంటావా” అన్నారు. అమ్మకి చుట్టాల ముందు తలెత్తుకోలేనేమోనని బాధ. రాత్రిళ్ళు నిద్ర పట్టట్లేదు. నా ఆరేళ్ళూ బూడిదలో పోసిన పన్నీరేనా? ఏం చెయ్యమంటారు?
— ఒక చెల్లెలు, కర్నూలు జిల్లా

సమాధానం:

అమ్మా, నిన్ను ‘నువ్వు’ అనే అంటాను, మా పెద్దమ్మాయిది నీ వయసే. నువ్వు అడిగినదానికి ముందు జవాబు చెప్పేస్తాను, ఆ తర్వాత ఎందుకో చెబుతాను. ఉద్యోగంలో చేరు. ఫైలు మాత్రం వదలకు. ఒకటి చేస్తే రెండోది వదిలేసినట్టే అని నీకు ఎవరు చెప్పారో గానీ, ఆ మాట నమ్మకు.

నీ ఉత్తరం చదువుతుంటే నాకు వాతావరణ శాస్త్రవేత్త అన్నా మణి గుర్తొచ్చింది. పేరు విన్నావో లేదో. ఫిజిక్స్ చదివినవాళ్ళకి కూడా ఆవిడ పేరు పెద్దగా తెలియదు, అదే నా బాధ. ముప్ఫై ఏళ్ళు డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్పాను, సిలబస్‌లో సి.వి. రామన్ గారు ప్రతి ఏడాదీ వచ్చారు, ఆయన ల్యాబులోనే పనిచేసిన ఈవిడ పేరు ఒక్కసారి కూడా రాలేదు. నీ ఉత్తరంలో ఉన్న రెండు సంగతులూ, అంటే పట్టా దగ్గర ఆగిపోవడం, అనుకున్న ఫిజిక్స్ కాకుండా పరికరాల పని ఎదురవ్వడం, రెండూ ఆవిడకి ఒకే ఏడాదిలో జరిగాయి. 1945లో.

ఆవిడ 1918 ఆగస్టు 23న ట్రావెన్‌కోర్ సంస్థానంలోని పీర్మేడులో పుట్టింది. ఇప్పుడది కేరళ. నాన్న సివిల్ ఇంజనీరు, ఏలకుల తోటలున్న కుటుంబం. ఎనిమిదిమంది పిల్లల్లో ఏడోది. ఆ ఇంట్లో ఆడపిల్లకి ఎనిమిదో పుట్టినరోజుకి వజ్రాల కమ్మలు పెట్టడం ఆనవాయితీ. ఈ పిల్ల కమ్మలు వద్దు, ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికా కావాలంది. ఆ ఇంట మగపిల్లల్ని పెద్ద చదువులకీ ఉద్యోగాలకీ, ఆడపిల్లల్ని పెళ్ళికీ తయారు చేసేవారు, కాబట్టి అది చిన్న పేచీ కాదు. వైకోం సత్యాగ్రహం రోజుల్లో, 1925లో, గాంధీ ఆ ప్రాంతానికి వచ్చారు. ఆ ప్రభావంతో ఖద్దరు కట్టడం మొదలుపెట్టింది. ఈ ఖద్దరు సంగతి గుర్తుపెట్టుకో, మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

డాక్టరు చదవాలనుకుని, ఫిజిక్స్ బాగా వస్తోందని అటు వెళ్ళింది. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో ఫిజిక్సు, కెమిస్ట్రీ ఆనర్స్, 1939లో పూర్తి. 1940లో స్కాలర్‌షిప్ మీద బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో రామన్ గారి దగ్గర చేరింది. ఆ ఇన్‌స్టిట్యూట్‌లో అప్పటి పరిస్థితి నీకు అర్థం కావాలంటే ఒక్క మాట చాలు. అంతకు ఏడేళ్ళ ముందు, 1933లో, కమలా భాగవత్ అనే అమ్మాయి (పెళ్ళయ్యాక కమలా సోహోనీ అయ్యారు) మార్కులన్నీ ఉండి కూడా ఆడపిల్ల అన్న కారణంతో రామన్ గారి చేత కాదనిపించుకుంది. పట్టు విడవకుండా నిలబడితే, ఒక ఏడాది పని చూసి అప్పుడు చెప్తామన్న షరతు మీద చేర్చుకున్నారు. ఆ అమ్మాయే 1939లో కేంబ్రిడ్జ్ నుంచి పీహెచ్‌డీ తెచ్చుకుంది. రామన్ గారి ఫిజిక్స్ అంటే నాకు ప్రాణం, అయినా ఈ విషయంలో ఆయన చేసింది తప్పు, ఆ సంగతి క్లాసులో కూడా చెప్పేదాన్ని.

అన్నా మణికి ఇచ్చిన పని వజ్రాలూ కెంపులూ. నగలకి కాదు, స్పెక్ట్రోస్కోపీకి. ముప్ఫైకి పైగా వజ్రాలు, ఒక్కొక్కదాని మీద కాంతి పంపి, అది ఏ రంగులు మింగుతోంది, ఏ రంగుల్లో వెలుగుతోంది, వేడి మారితే ఆ వెలుగు ఎలా మారుతోంది అని రికార్డు చెయ్యాలి. ఇప్పుడంటే నీకు డిటెక్టరు ఉంది, కంప్యూటర్ ఉంది, కాసేపట్లో గ్రాఫు స్క్రీన్ మీద పడుతుంది. అప్పుడు ఫొటో ప్లేటు. వజ్రం నుంచి వచ్చే వెలుగు ఎంత పలచగా ఉంటుందంటే ప్లేటు మీద గీత పడాలంటే పదిహేను ఇరవై గంటలు అలాగే ఉంచాలి. మధ్యలో ఎవరైనా బల్ల కదిపినా, లైటు వేసినా మొత్తం మళ్ళీ మొదటికి. అందుకని రాత్రిళ్ళు ల్యాబులోనే పడుకునేది. చీకటి గదిలో ఒక మూల ఆ ప్లేటు, ఆ పక్కనే నిద్రపోతున్న ఇరవై నాలుగేళ్ళ అమ్మాయి, ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్ళు జలదరిస్తుంది. 1942 నుంచి 1945 లోపల ఒక్క తన పేరుతోనే ఐదు పేపర్లు వచ్చాయి. పక్కన రామన్ గారి పేరు కూడా లేదు.

1945 ఆగస్టులో థీసిస్ ఇచ్చింది. బెంగళూరులో చేసిన పనికి అప్పట్లో డిగ్రీ ఇవ్వాల్సింది మద్రాసు యూనివర్సిటీ. వాళ్ళేమన్నారో తెలుసా? నీకు ఎమ్మెస్సీ లేదు, పీహెచ్‌డీ ఇవ్వం అన్నారు. రెండు సబ్జెక్టుల్లో ఆనర్స్ ఉంది, దాని మీదే పై చదువుకి స్కాలర్‌షిప్ ఇచ్చి చేర్చుకున్నారు, ఐదేళ్ళ పని ఉంది, పేపర్లున్నాయి. అయినా ఎమ్మెస్సీ అన్న కాయితం లేదు కాబట్టి లేదు. అంతే.

ఆ థీసిస్ ఇప్పటికీ ఉంది. బెంగళూరు రామన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ లైబ్రరీలో, మిగతా పీహెచ్‌డీ థీసిస్‌ల మాదిరిగానే చక్కగా బైండు చేసి. అట్ట చూసి, పేజీలు తిప్పి, దీనికి డిగ్రీ రాలేదని ఎవరూ కనిపెట్టలేరు.

నువ్వు అడిగావు కదా, ఆరేళ్ళూ పోయినట్టేనా అని. నీ మూడు పేపర్లు అచ్చయ్యాయి అన్నావు. వాటిలోని కొలతలు తప్పని ఆ ఆఫీసులో ఎవరైనా అన్నారా? అనలేదు. నీ ఎమ్మెస్సీ పట్టా మీది రెండు మాటల గురించే వాళ్ళ పేచీ అంతా. నీ పని గురించి వాళ్ళు ఇప్పటిదాకా ఒక్క ముక్క మాట్లాడలేదు. ఆ తేడా నువ్వు మనసులో గట్టిగా పెట్టుకోవాలి, ఎందుకంటే ఎనిమిది నెలలు కౌంటర్ల చుట్టూ తిరిగేసరికి మనకే అనుమానం వస్తుంది, నా పనిలోనే ఏదో లోపం ఉందేమో అని. నాకూ వచ్చింది. నా ఎం.ఫిల్. ఫైలు ఒక ఆఫీసులో కనబడకుండా పోయి దాదాపు ఏడాది తిరిగాను, ఆ ఏడాది చివరికి నేను నా డిసర్టేషన్ తెరిచి చూడటమే మానేశాను, అసహ్యం వేసేది. తప్పు ఫైలుది, అసహ్యం మాత్రం నా పని మీద. నీకు అలా కాకూడదని ఇంత గట్టిగా చెబుతున్నాను.

అన్నా మణి మాత్రం తర్వాతి కాలంలో ఎవరడిగినా, పీహెచ్‌డీ లేకపోవడం వల్ల తన జీవితానికి పెద్ద తేడా ఏమీ రాలేదనేది. ఎవరి మీదా కోపం పెట్టుకోలేదు. ఆవిడ మాట నేను నమ్ముతాను. కానీ నువ్వు కూడా అలాగే తేలిగ్గా తీసుకో అని మాత్రం చెప్పను. ఆవిడ వెనకాల తోటలున్న కుటుంబం ఉంది, చేతిలో ఇంగ్లండు వెళ్ళడానికి సర్కారు స్కాలర్‌షిప్ ఉంది. పైగా ఆ రోజుల్లో డిగ్రీ లేకుండా కూడా పైకి రాగలిగిన ఉద్యోగాలున్నాయి. ఇవాళ పీహెచ్‌డీ లేకపోతే యూనివర్సిటీ ఉద్యోగాల్లో చాలా వాటికి తలుపు మూసుకుపోతుంది. నీకు కోపం రావడం న్యాయం. ఆ కోపం అప్లికేషన్ల మీద చూపించు, నీ మీద వద్దు.

ఇక రెండో సంగతి. 1945లోనే యుద్ధం ముగిసీ ముగియగానే సైనికుల ఓడ ఎక్కి ఇంగ్లండు వెళ్ళింది. లండన్ ఇంపీరియల్ కాలేజీలో ఫిజిక్స్ పరిశోధన చెయ్యాలని ఆశ. తీరా చూస్తే ఖాళీగా ఉన్న శిక్షణ సీటు వాతావరణ పరికరాల్లో. వజ్రాల మీద పనిచేసి వచ్చిన మనిషి థర్మామీటర్లు, బారోమీటర్లు, గాలి వేగం కొలిచే కప్పులు నేర్చుకోవాలి. మీ గైడ్ గారు అక్కడుంటే ‘మీటర్లు తుడుచుకుంటావా’ అనే అనేవారేమో. ఆవిడ నేర్చుకుంది. ఒక్కో పరికరం విప్పి, మళ్ళీ బిగించి, ఎలా తప్పు చూపిస్తుంది, ఆ తప్పు ఎలా పట్టుకోవాలి అన్నది మొత్తం నేర్చుకుని 1948లో స్వతంత్ర భారతానికి తిరిగొచ్చి పుణె వాతావరణ శాఖలో చేరింది.

అప్పటిదాకా మన దేశంలో థర్మామీటర్, బారోమీటర్ లాంటి మామూలు పరికరాలు కూడా చాలావరకు బయటి నుంచే వచ్చేవి. ఇక్కడే ఆ ఖద్దరు గుర్తుచేసుకోమన్నాను. చిన్నప్పుడు ఒంటి మీద స్వదేశీ గుడ్డ కట్టిన పిల్ల, ముప్ఫై ఏళ్ళకి స్వదేశీ బారోమీటర్ చేయించే పనిలో పడింది. సుమారు 100 పరికరాలకి ఒక్కొక్కదానికి డ్రాయింగ్ గీయించి, కొలతలు ఖరారు చేసి, ఇక్కడి వర్క్‌షాపుల్లోనే తయారీ మొదలుపెట్టించింది. 1953కల్లా ఆ విభాగానికి అధిపతి, కింద పనిచేసేవాళ్ళు 121 మంది, అందరూ మగవాళ్ళే. అయినా తనని ‘ఆడ శాస్త్రవేత్త’ అని ప్రత్యేకంగా పొగిడితే ఆవిడకి నచ్చేది కాదు. పని గురించి మాట్లాడండి అనే తత్వం.

ఆవిడ పట్టుబట్టిన విషయం ఒక్కటే, అసలు కొలవకపోవడం కంటే తప్పుగా కొలవడమే ఎక్కువ చేటు అని. ఇది నీకు చాలా దగ్గరి విషయం కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను, నువ్వు చేరబోయే ఉద్యోగంలో నీ చేతికి రోజూ వచ్చేది పైరానోమీటర్.

నీకు తెలుసు, అయినా మిగతా పాఠకుల కోసం. ఒక నల్లటి బిళ్ళ, దాని మీద గాజు గోపురం, మంచి వాటికి ఒకదాని మీద ఒకటి రెండు గోపురాలు. ఎండ ఆ నల్లటి బిళ్ళని వేడెక్కిస్తుంది, కింద ఉన్న థర్మోపైల్ ఆ వేడి తేడాని కొన్ని మిల్లీవోల్టుల కరెంటు ఒత్తిడిగా మారుస్తుంది. చదరపు మీటరు మీద ఎంత ఎండ పడుతోందో అలా తెలుస్తుంది. చూడ్డానికి అరచేతిలో పట్టే వస్తువు. ఇప్పుడు ఆ గోపురం మీద రాయలసీమ దుమ్ము ఒక పొర పేరుకుందనుకో. ఉన్న ఎండ కంటే తక్కువ చూపిస్తుంది. దాంతో ఏమవుతుంది? ఇంత తక్కువ ఎండకి మా ప్యానెళ్ళు ఇంత కరెంటు ఇస్తున్నాయా, భేష్ అని లెక్కల్లో ప్లాంటు బ్రహ్మాండంగా పనిచేస్తున్నట్టు కనిపిస్తుంది. నిజానికి కొన్ని ప్యానెళ్ళు పాడై ఉండొచ్చు, వైరింగులో లోపం ఉండొచ్చు. పరికరం లేకపోతే వెళ్ళి కళ్ళతో చూసేవాళ్ళు, తప్పుడు పరికరం ఉంది కాబట్టి ఎవరూ చూడరు. ఆవిడ చెప్పింది ఇదే. మరి ఆ గోపురం తుడవడం తక్కువ పనా?

మన దేశంలో ఎండని ఇలా పద్ధతిగా కొలవడానికి స్టేషన్ల వరస పెట్టించింది ఆవిడే, దేశాలన్నీ కలిసి భూమిని పరిశోధించిన 1957-58 అంతర్జాతీయ జియోఫిజికల్ సంవత్సరం సందర్భంగా. దానికి కావలసిన రేడియేషన్ పరికరాలు కూడా ఇక్కడే చేయించే పని మొదలుపెట్టింది. ఏళ్ళ తరబడి పోగైన ఆ అంకెలతో 1980లో ఒక హ్యాండ్‌బుక్, 1981లో భారతదేశం మీద సౌర వికిరణం గురించి ఇంకో పుస్తకం వచ్చాయి. సోలార్ కరెంటు అంటే జనం నవ్వే రోజులవి. మీ జిల్లాలోనే ఓర్వకల్లు దగ్గర 1000 మెగావాట్ల సోలార్ పార్కు ఉంది కదా, ఆ దారిన బస్సులో పోతుంటే ఎటు చూసినా ప్యానెళ్ళే. ఎక్కడ ఎంత ఎండ కాస్తుందో కొలిచి రాసిపెట్టే అలవాటు ఈ దేశానికి చేసింది పీహెచ్‌డీ రాని ఆ మనిషి. నీకు ఉద్యోగం ఇస్తానంటున్నది కూడా ఆ పనిలోనే.

ఒకసారి మా కాలేజీ పిల్లల్ని వాతావరణ కేంద్రానికి తీసుకెళ్ళాను. అక్కడ ఆరుబయట ఒక గాజు గోళం ఉంది, దాని వెనక వంపు చట్రంలో ఒక అట్టముక్క. ఎండ గోళంలోంచి పడి అట్ట మీద సన్నగా కాలుస్తూ పోతుంది, సూర్యుడు జరిగే కొద్దీ ఆ కాలిన గీత కూడా జరుగుతుంది. మబ్బు వస్తే గీత ఆగిపోతుంది, మళ్ళీ ఎండ వస్తే మొదలు. సాయంత్రం ఆ అట్ట తీసి గీత పొడవు కొలిస్తే ఆ రోజు ఎన్ని గంటలు ఎండ కాసిందో లెక్క. అక్కడి అబ్జర్వర్ గారు ముందు రోజు అట్ట చూపించారు. మధ్యాహ్నం రెండింటి దగ్గర వేలెడంత ఖాళీ. “అదిగో, నిన్న మీ ఊళ్ళో చినుకులు పడలేదూ, అదే” అన్నారు. పిల్లలంతా ఒక్కసారి ముందుకి వంగి చూశారు. మొదటి బెంచీ పిల్ల ఒకమ్మాయి ఆ కాలిన అంచు వాసన చూసింది. కొలత అంటే ఏమిటో నేను బోర్డు మీద అన్నేళ్ళు చెప్పినదానికంటే ఆ అట్టముక్క ఎక్కువ చెప్పింది వాళ్ళకి.

ఆవిడ చేసినవి ఇంకా చాలా ఉన్నాయి, త్వరగా చెప్పేస్తాను. ఓజోన్‌ని కొలిచే పరికరాన్ని బెలూన్‌కి కట్టి పైకి పంపే ఓజోన్‌సోండే మన దగ్గరే తయారు చేయించింది, అప్పటికి అది సొంతంగా ఉన్న దేశాలు బహు కొద్ది. 1963లో విక్రమ్ సారాభాయ్ అడిగితే తుంబాలో, మన మొదటి రాకెట్ ఎగిరిన చోట, వాతావరణ అబ్జర్వేటరీ, పరికరాల టవరు పెట్టించింది. 1976లో వాతావరణ శాఖ డిప్యూటీ డైరెక్టర్ జనరల్‌గా రిటైరైంది. రిటైరయ్యాక మళ్ళీ రామన్ ఇన్‌స్టిట్యూట్‌కే వెళ్ళింది, విజిటింగ్ ప్రొఫెసర్‌గా. తన థీసిస్ అట్టకట్టి ఉన్న చోటికి, పీహెచ్‌డీ లేకుండానే ప్రొఫెసరమ్మగా.

అక్కడితో ఆగలేదు. దేశమంతా గాలి ఎక్కడ ఎంత వీస్తుందో కొలిచే సర్వే నడిపింది, 700కి పైగా చోట్ల. అనంతపురం వైపు రామగిరి కొండల మీద గాలిమరలు చూసే ఉంటావు. అలాంటి మర ఒకటి నిలబెట్టాలంటే ముందు ఆ కొండ మీద ఒక స్తంభం పాతి, కప్పుల మీటరు బిగించి, నెలల తరబడి గాలి లెక్క రాయాలి. ఆ లెక్క లేకుండా ఏ బ్యాంకూ అప్పివ్వదు. బెంగళూరులో ఒక చిన్న వర్క్‌షాపు పెట్టి, గాలి వేగం, ఎండ కొలిచే పరికరాలు తయారు చేయించింది. నువ్వు చిన్న కంపెనీ అని సందేహిస్తున్నావు కదా, దాదాపు అలాంటిదే. 1987లో భారత జాతీయ సైన్స్ అకాడమీ కె.ఆర్. రామనాథన్ పతకం ఇచ్చింది. 1994లో పక్షవాతం వచ్చింది, 2001 ఆగస్టు 16న తిరువనంతపురంలో పోయింది. పెళ్ళి చేసుకోలేదు. ఈ ముక్క ఎందుకు చెబుతున్నానంటే, మీ ఇంట్లో ఆవిడ కథ చెబితే మొదట వచ్చే ప్రశ్న అదే. అది ఆవిడ ఇష్టం, నీది నీ ఇష్టం, సైన్సుకీ దానికీ ముడి పెట్టక్కర్లేదు.

ఇప్పుడు నీ ఫైలు సంగతి. నోటిమాటగా అడగడం ఇవాళ్టితో ఆపేయ్. నా ఎం.ఫిల్. విషయంలో నేను చేసిన పెద్ద తప్పు అదే, ఏడాదంతా వెళ్ళడం, ‘రేపు రండి’ అంటే రావడం, ఒరిజినల్ ఇచ్చేసి జిరాక్సు కూడా దగ్గర పెట్టుకోలేదు. నువ్వు రిజిస్ట్రార్ పేరున ఒక పేజీ ఉత్తరం రాయి. ఏ తేదీన అడ్మిషన్ ఇచ్చారు, ఆ రోజు ఏ సర్టిఫికెట్లు ఇచ్చావు, కోర్సువర్క్ ఎప్పుడు పాసయ్యావు, సెమినార్ ఎప్పుడు అయింది, ఇవి తేదీలతో రాసి, ఏ రూలు ప్రకారం ఆపారో రాతపూర్వకంగా చెప్పమని అడుగు. స్పీడ్ పోస్టులో పంపు, రసీదు దాచుకో. జవాబు రాకపోతే సమాచార హక్కు కింద నీ ఫైలు నోటింగుల (అధికారులు ఫైలు మీద రాసిన మాటల) కాపీలు అడుగు. ఫీజు 10 రూపాయలు, 30 రోజుల్లో జవాబివ్వాలి. చాలాసార్లు ఆ దరఖాస్తు లోపలికి వెళ్ళడంతోనే ఫైలు కదులుతుంది.

దాంతోపాటు నువ్వు ఎమ్మెస్సీ చేసిన చోట సిలబస్ ఖరారు చేసే బోర్డ్ ఆఫ్ స్టడీస్ ఛైర్మన్‌ని కలిసి, అప్లైడ్ ఎలక్ట్రానిక్స్ సిలబస్‌లో ఫిజిక్స్ పేపర్లు ఇన్ని ఉన్నాయి అని సిలబస్ కాపీతో ఒక సర్టిఫికెట్ తెచ్చుకో. అడ్డు తొలగాలంటే ఎక్కువగా పనికొచ్చేది అదే. ఇంకో మాట, అన్నీ చూసి చేర్చుకున్నాక, నువ్వేమీ దాచనప్పుడు, ఏళ్ళ తర్వాత అర్హత లేదనడం కోర్టుల్లో సులువుగా నిలవదు. కురుక్షేత్ర యూనివర్సిటీ మీద ఒక విద్యార్థి వేసిన కేసులో సుప్రీంకోర్టు 1970ల్లోనే ఈ దారిలో తీర్పిచ్చింది, ముందే చూసుకోవాల్సిన లోపాన్ని తర్వాత చూపించి విద్యార్థిని శిక్షించకూడదని. నీ కేసుకి అది ఎంతవరకు అతుకుతుందో ఒక లాయరు చూసి చెప్పాలి. మీ జిల్లా లీగల్ సర్వీసెస్ అథారిటీలో ఆడవాళ్ళకి ఉచితంగానే సలహా దొరుకుతుంది, వెళ్ళు.

గడువు గురించి టెన్షన్ పడుతున్నావేమో. పీహెచ్‌డీకి మామూలు గడువు ఆరేళ్ళే అయినా, 2016 యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) నిబంధనల్లోనూ, 2022 వాటిలోనూ ఆడవాళ్ళకి ఇంకో రెండేళ్ళ సడలింపు ఇవ్వొచ్చని ఉంది. 2022 వాటిలో రీ-రిజిస్ట్రేషన్ కూడా ఉంది. అది దానంతటదే రాదు, అడగాలి. నువ్వు ఏ నిబంధనల కింద చేరావో చూసుకుని, గడువు దాటకముందే పొడిగింపుకి అప్లికేషన్ పెట్టు. ఇది ఈ వారమే చెయ్యి, ఉద్యోగం కంటే ముందు. ఆ 2022 నిబంధనల్లోనే ఇంకో సంగతి ఉంది, నాలుగేళ్ళ డిగ్రీలో 75 శాతం మార్కులుంటే ఎమ్మెస్సీ లేకుండానే పీహెచ్‌డీలో చేరొచ్చు. అన్నా మణిని ఏ కారణంతో కాదన్నారో ఆ కారణమే ఇప్పుడు చాలామందికి అడ్డు కాదు. డెబ్బై ఏడేళ్ళు పట్టింది.

ఉద్యోగంలో చేరేముందు ఆ కంపెనీ వాళ్ళకి నీ థీసిస్ సంగతి దాచకుండా చెప్పు. వైవాకి (థీసిస్ మీద నోటి పరీక్షకి) సెలవు కావాల్సి వస్తుందని ముందే చెప్పి, ఆఫర్ లెటర్‌లో కాకపోయినా ఒక మెయిల్‌లో ఒప్పించుకో. కాలిబ్రేషన్ పని వాళ్ళు నిజంగా నీ చేత చేయిస్తారా, లేక బిల్లులూ సైటు విజిట్ల లెక్కలూ రాయిస్తారా అన్నది అడిగి తెలుసుకో. బిల్లులే అయితే నా సలహా మారుతుంది, అప్పుడు ఇంకోచోట వెతుక్కోమంటాను.

మీ గైడ్ గారితో గొడవ పెట్టుకోకు. ఆయన సంతకం నీకింకా కావాలి, పైగా ఆయన బాధ కూడా నిజమే, ఆరేళ్ళు చెప్పిన మనిషి. కానీ ఆ మాట మాత్రం నువ్వు మనసుకి పట్టించుకోవద్దు. అమ్మకి ఏం చెప్పాలని అడుగుతావేమో. చుట్టాలడిగితే “థీసిస్ అయిపోయింది, ఆఫీసు పని నడుస్తోంది, ఈలోగా సోలార్ పరికరాల ఉద్యోగం చేస్తోంది” అని చెప్పమను. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు.

చేరిన మొదటి వారంలోనే ఒక నోటుబుక్ కొనుక్కో. మొదటి సైటులో పైరానోమీటర్ దగ్గరికి వెళ్ళినప్పుడు, గోపురం తుడిచే ముందు రీడింగ్ రాయి, తుడిచాక వెంటనే ఇంకోటి రాయి, టైమూ, ఆకాశం ఎలా ఉందో కూడా. మబ్బు లేని మధ్యాహ్నం చూసుకుని చెయ్యి, లేకపోతే తేడా దుమ్ముదో మబ్బుదో తెలీదు. ఒక నెల అలా రాశాక ఆ రెండు వరసల అంకెలూ నాకు పంపు, నాకు చూడాలనుంది.